మెల్లకన్ను కంపెనీ

నవంబరు మొదటి శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి, నెవిల్ హార్‌గ్రీవ్స్ ఒక బిస్కట్ల రేకు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా దాని మూత అదిమి పట్టుకుని, భార్య నడుపుతున్న కారులో కూర్చున్నాడు. డబ్బాలో ఇరవై నలుగురు సీసపు సిపాయిలూ పన్నెండు కంచరగాడిదలూ ఉన్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలంత. కారు గతుకులో పడినప్పుడల్లా లోపల సన్నగా గలగలమంటున్నాయి. గతుకు లేనప్పుడూ గలగలమంటున్నాయి. అది గతుకుల తప్పు కాదు.

"చెప్పేస్తే ఏం పోతుంది?" అంది ఐరీన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఏం చెప్పాలి?"

"చెయ్యి వణుకుతోందని. డాక్టరుకి చూపించుకున్నావని. నలభై ఏళ్ళ స్నేహితులు కదా."

"అందుకే చెప్పను."

వెనక సీట్లో ఐరీన్ చేసిన అల్లం కేకు వెన్నకాగితంలో చుట్టి ఉంది. కారంతా దాని వాసనే.

నెవిల్‌ది చేతిపని. పదిహేనో ఏట, ఇంగ్లండులోని నెల్సన్ ఊరి బస్సు డిపోలో, రంగుల షెడ్డులో చేరాడు. బస్సుల పక్కల మీద బంగారు రేకుతో ఊరి పేరు రాయడం అతని పని. స్కేలు పెట్టేవాడు కాదు, ముందు సుద్దతో గీసుకునేవాడు కాదు. కుంచె ఒకసారి బస్సుకి తగిలిందంటే అక్షరం పూర్తయ్యే దాకా లేచేది కాదు. నీళ్ళు నిండిన గ్లాసు ముంజేతి మీద నిలబెట్టుకుని చుక్క ఒలకకుండా పేరంతా రాశాడని డిపోలో చాలాకాలం చెప్పుకున్నారు. నీళ్ళు కాదు, బీరు అని నెవిల్ సరిదిద్దేవాడు. తర్వాత అంటించే అక్షరాలు వచ్చాయి. షెడ్డు మూసేశారు. అతను కసాయి కొట్టు బోర్డులూ, ఐస్‌క్రీం బళ్ళూ, సారా దుకాణాల ముందు వేలాడే పలకల మీద సింహాలూ హంసలూ రాసుకుంటూ అరవై ఐదు దాటించాడు. ఆ ఊరి వీధుల్లో నడుస్తుంటే ఇప్పటికీ అక్కడక్కడా వెలిసిపోయిన తన చేతిరాత కనిపిస్తుంది. చూడనట్టే దాటిపోతాడు. రెండడుగులు వేశాక ఒకసారి వెనక్కి తిరుగుతాడు.

పగలు పెద్ద అక్షరాలు రాసిన ఆ చేతికి ఆదివారాలు చిన్న పని కావాలనిపించేది. అలా మొదలయింది సీసపు బొమ్మల పిచ్చి. విక్టోరియా రాణి కాలపు యుద్ధాలు బల్ల మీద ఆడే గుంపు ఒకటి చర్చి హాల్లో చేరుతుందని తెలిసి ఒకరోజు తొంగి చూశాడు. నలభై ఏళ్ళయింది.

ఆ గుంపుకి రాసిపెట్టుకున్న నిబంధనలు నూటపాతిక పేజీలు. రాయని నిబంధన మాత్రం ఒకటే: రంగు పడని బొమ్మ బల్ల ఎక్కదు. ఎంత గొప్ప సేనాపతివైనా సరే, నీ పటాలానికి బొత్తాల దాకా రంగు పడకపోతే అది డబ్బాలోనే ఉంటుంది. అందుకని ప్రతి ఏడూ పెద్ద ఆట అయ్యాక టీ తాగుతూ, వచ్చే ఏటి ఆటకి ఎవరు ఏ బొమ్మలకి రంగు వెయ్యాలో చీటీలు తీస్తారు. చీటీలు వేసేది ఒక పాత దొర టోపీలో. ఎక్కడో పాతసామాన్ల అమ్మకంలో దొరికింది. లోపల ఇప్పటికీ ఎవరిదో తలనూనె వాసన. పేరు వేసినవాడు సభ్యుడు. వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనరు. కానీ పేరు వెయ్యడం మానేసినవాడు ఆ పైన ఎక్కువ కాలం వచ్చిన దాఖలా లేదు.

ఈ ఏడు పేరు వెయ్యకూడదని నెవిల్ నిశ్చయించుకున్నాడు.

వణుకు మొదలయి రెండేళ్ళు. ప్రమాదం ఏమీ లేదన్నాడు డాక్టరు. "కొందరికి వస్తుంది, అంతే. ఒక గ్లాసు బీరు తాగితే కాసేపు తగ్గుతుంది కూడా," అన్నాడు. "నలభై ఏళ్ళుగా ముందుజాగ్రత్త పడుతూనే ఉన్నాడు డాక్టరు గారూ," అంది ఐరీన్. అయితే కుంచె పట్టుకున్నప్పుడే ఆ వణుకు ఎక్కువ. పోయిన ఏడు చీటీలో వచ్చిన ఇరవై నలుగురు పంజాబు సిపాయిలకీ పన్నెండు కంచరగాడిదలకీ రంగు వెయ్యడానికి జనవరిలో కూర్చుంటే అక్టోబరు పట్టింది. కోట్లు పర్వాలేదు. తలపాగాలు ఎలాగో గట్టెక్కాయి. కళ్ళ దగ్గర చిక్కొచ్చింది. ఆవగింజలో సగం ఉండదు ఆ కన్ను. అందులో తెల్లచుక్క పెట్టి, ఆ తెల్లచుక్కలో నల్లచుక్క పెట్టాలి. ఊపిరి బిగబట్టి పెట్టాడు. ఒకడి నల్లచుక్క ముక్కు దగ్గరికి పోయింది. ఇంకొకడిది చెవివైపు పరుగెత్తింది. తుడిచి మళ్ళీ పెడితే అంతకంటే అధ్వాన్నం. చివరికి ఇరవై నలుగురినీ వరసగా నిలబెట్టి చూస్తే, ఇరవై నలుగురూ ఇరవై నాలుగు దిక్కులు చూస్తున్నారు. ఒక్కడు కూడా నెవిల్ ముఖంలోకి చూడలేదు.

వణుక్కంటే అతనికి ఇంకొకటంటే భయం. ఆ ఊరి మగవాళ్ళు ఒకరంటే ఒకరికి ఇష్టమని నోటితో చెప్పుకోరు. చెప్పాలనిపిస్తే తిడతారు. పదకొండేళ్ళ కిందట నెవిల్ ఒక పటాలం తలపాగాలకి వేసిన రంగు, ఆ యుద్ధం ముగిసిన ఆరేళ్ళకి గానీ వాడుకలోకి రాలేదని డెరిక్ హాల్‌స్టెడ్ కనిపెట్టాడు. డెరిక్ నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఇంటినిండా సైనిక దుస్తుల పుస్తకాలే. ఆ పదకొండేళ్ళలో డెరిక్ ఆ మాట ఎత్తని శనివారం లేదు. నెవిల్ కూతురి పెళ్ళి విందులో కూడా గ్లాసు ఎత్తి, "వధువు తండ్రికి రంగుల సంగతి తెలీకపోయినా..." అనే మొదలుపెట్టాడు. నెవిల్‌కి అది ప్రాణం.

హెరాల్డ్ అనే సభ్యుడుండేవాడు. పక్షవాతం వచ్చి కోలుకుని మళ్ళీ ఆటకొచ్చాడు. రాగానే అందరూ అతని దగ్గర మెత్తబడిపోయారు. ఫిరంగుల్ని బురదలోకి నడిపినా "మంచి ఎత్తు హెరాల్డ్" అన్నారు. గుర్రాల్ని కొండ అంచు మీంచి దూకించినా "శభాష్" అన్నారు. శభాష్ అన్నవాళ్ళలో నెవిల్ కూడా ఉన్నాడు. నాలుగో శనివారం హెరాల్డ్ రాలేదు. ఇప్పుడు పార్కులో పచ్చిక మీద బంతులు దొర్లించే ఆటకి వెళ్తున్నాడు. అక్కడ అతన్ని ఇంకా తిడుతున్నారట.

చర్చి హాలు ముందు కారాగింది. కేకు ఒక చేత్తో, డబ్బా ఇంకో చేత్తో పట్టుకోబోయాడు నెవిల్. ఐరీన్ కేకు లాగేసుకుని తనే లోపల పెట్టి, డెరిక్ వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపేమిటో నెవిల్ గమనించలేదు.

హాల్లో పదహారడుగుల బల్ల మీద కొండల కనుమ సిద్ధంగా ఉంది. చేపల కొట్టు పెట్టెల తెల్లటి థర్మోకోలు బెండుని చెక్కి, ఇసుక అంటించి చేసిన కొండలవి. ఈ చివర్నించి ఆ చివరకి సన్నటి దారి. పన్నెండు కంచరగాడిదల బిడారం ఈ చివర బయల్దేరి, పన్నెండు వంతుల్లో కనీసం ఆరు ఆ చివర దాటితే దొరల సైన్యం గెలిచినట్టు. కొండల మీది తెగలవాళ్ళు అడ్డుకోవాలి. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి నవంబరులో ఇదే ఆట. బిడారం ఒక్కసారీ దాటలేదు.

తెగల పఠాన్లకి నాయకుడు డెరిక్, ముత్తాతల నుంచీ అక్కడి లాంకషైరు జిల్లా వాడు. దొరల సైన్యానికి నాయకుడు జరీఫ్ ఖటక్. పుట్టింది నెల్సన్‌లోనే అయినా తాత ముత్తాతలది పాకిస్తాన్‌లో ఆ కొండల పక్కనున్న పఠాన్ల ఊరు కోహాట్. టాక్సీ నడుపుతాడు. తొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు అందరూ మర్యాద కొద్దీ పఠాన్ల సైన్యాన్ని అతని ముందు పెట్టారు. "వద్దు," అన్నాడు జరీఫ్. "జన్మలో ఒక్కసారైనా ఇంగ్లీషువాళ్ళకి ఆర్డర్లు వెయ్యాలని మా నాన్న కోరిక. తీరకుండానే పోయాడు. ఆ ఎర్రకోట్లు ఇటివ్వండి." అప్పటి నుంచీ అతనే సేనాపతి, నెవిల్ అతని కింద బిడారం కాపలా అధికారి. వయసుకి గౌరవమిచ్చి నెవిల్‌ని "చాచా" అంటాడు. వయసుకి తప్ప ఇంక దేనికీ ఇవ్వడు.

తీర్పరి మావిస్ ఆగ్డెన్. గుర్రప్పందేల కొట్టులో ముప్ఫై ఏళ్ళు కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి. చరిత్ర ఆమెకి అక్కర్లేదు, పాచికల లెక్క మాత్రం నోటికొచ్చు. అల్లిక సూదులు ఆపకుండానే తీర్పులు చెబుతుంది.

"ఏదీ, నీ కుర్రాళ్ళని దించు నాయనా," అంది మావిస్.

నెవిల్ మూత తీశాడు. ఒక్కొక్కణ్ణే తీసి దారి మొదట్లో నిలబెట్టాడు. నిలబెట్టేటప్పుడు ఇద్దరు పడిపోయారు. ఎవరూ నవ్వలేదు.

డెరిక్ జేబులోంచి భూతద్దం తీశాడు. అది లేకుండా అతను పాలసీసా మీద తేదీ కూడా చదవడు. వంగి మొదటి సిపాయిని చూశాడు. రెండోవాణ్ణి చూశాడు. మూడోవాడి దగ్గర చాలాసేపు ఆగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నెవిల్ బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు, తీర్పు కోసం.

"బాగున్నాయి నెవిల్," అన్నాడు డెరిక్.

అంతే. భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

నెవిల్ జరీఫ్ వైపు చూశాడు. జరీఫ్ పైకప్పు వైపు చూస్తూ, "బాగున్నాయి చాచా. చాలా... చాలా మందున్నారు," అన్నాడు. మావిస్ గబగబా అల్లుతోంది.

మంచి ఎత్తు హెరాల్డ్, అనుకున్నాడు నెవిల్. నా వంతు వచ్చిందన్నమాట.

ఆట మొదలయింది. బిడారం కనుమలోకి దిగింది. మొదటి మూడు వంతులు పెద్దగా ఏమీ జరగలేదు. నాలుగో వంతులో ఎడమ కొండ వెనకనుంచి డెరిక్ మనుషులు నలభైమంది పైకొచ్చారు. కిందనే నెవిల్ కంపెనీ, ఎండలో కూర్చున్న కోళ్ళలాగా బట్టబయలుగా ఉంది. డెరిక్ ఒక్క తోపు తోస్తే బిడారం అక్కడితో సరి. పంతొమ్మిదేళ్ళలో డెరిక్ అలాంటి అవకాశం వదిలిన పాపాన పోలేదు. ఇప్పుడు గడ్డం గోక్కున్నాడు.

"వీళ్ళు... ఇక్కడే ఉంటారు," అన్నాడు. "కాపలా కాస్తారు."

"కాపలానా? దేనికి, కొండని ఎవరైనా ఎత్తుకుపోతారనా?" అన్నాడు జరీఫ్. డెరిక్ బల్ల కింద అతని కాలు తొక్కడం నెవిల్ కంటపడింది.

అయిదో వంతులోనూ డెరిక్ కాపలాయే కాశాడు. ఆరో వంతుకి మూడు కంచరగాడిదలు బల్ల దాటేశాయి. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఆ చివర అంచు ముఖం చూడని జంతువులు గబగబా దాటి డబ్బాలోకి వచ్చి పడ్డాయి. "శభాష్ నెవిల్," అన్నాడు డెరిక్.

ఆ మాటతో నెవిల్‌కి ఎక్కడో తెగింది. బల్ల మీంచి ఒక సిపాయిని తీసి, బల్ల అంతా చుట్టి వచ్చి, డెరిక్ ముక్కు ముందు పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. దాచలేదు.

"చూడు వీణ్ణి."

"చూశాగా."

"పదకొండేళ్ళు! ఒక్క తలపాగా రంగుకి పదకొండేళ్ళు నా ప్రాణం తీశావు. నా కూతురి పెళ్ళిలో నా పరువు తీశావు. ఇవాళ ఇరవై నాలుగుమంది, ఒక్కడి కన్ను కూడా ఉండాల్సిన చోట లేదు. వీడైతే సొంత చెవిని చూసుకుంటున్నాడు. నీకు బాగున్నాయా? భూతద్దం పెట్టుకుని చూసి బాగున్నాయంటావా? నన్ను హెరాల్డ్‌ని చెయ్యకు డెరిక్. ఒట్టు, ఈ డబ్బా తీసుకుని ఇంటికి పోతాను."

రేకు కప్పు మీద వాన చప్పుడు ఒక్కటే. డెరిక్ పెదాలు బిగించాడు. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయ్యో ఏడుస్తున్నాడా అని నెవిల్ కంగారుపడేలోపు, డెరిక్ గొంతులోంచి కుక్కరు కూతలాంటి ఈల ఒకటి బయటపడింది. బల్ల మీద తల వాల్చేసి, భుజాలు ఎగిరెగిరిపడేట్టు నవ్వడం మొదలుపెట్టాడు. రెండు కొండలు కదిలిపోయాయి.

"పొద్దుట్నుంచి," అన్నాడు ఊపిరందక, "పొద్దున పదింటి నుంచి నాలుక కొరుక్కుని చస్తున్నానురా! అదిగో వాడు, ఆ మూడోవాడు, ఒక కన్నుతో గాడిదని, ఇంకో కన్నుతో స్వర్గాన్ని చూస్తున్నాడు! ఎలా ఆపుకున్నానో ఆ దేవుడికే తెలుసు!"

"మరి చెప్పొచ్చు కదరా!"

"మీ ఆవిడ నిన్న ఫోన్ చేసింది. నీ రంగుల మీద ఒక్క మాటన్నా నోరు జారితే, నేను బతికున్నంత కాలం అల్లం కేకు ముక్క చూడనంది. నేనేం చెయ్యను? నీ కళ్ళా, కేకా అంటే..."

"నాక్కూడా చేసింది," అన్నాడు జరీఫ్ చెయ్యెత్తి.

"నాకు రెండుసార్లు," అంది మావిస్.

నెవిల్ కుర్చీలో కూలబడ్డాడు. ఐరీన్! అల్లం కేకుతో ఒక సైన్యాన్ని మొత్తం నోరు కట్టేసింది. జాలి కాదన్నమాట, తిండి యావ. అతనికీ నవ్వు ముంచుకొచ్చింది. నవ్వు, దాని అడుగున ఇంకేదో. ముఖం తుడుచుకుని, చెయ్యి చాపి అందరికీ చూపించాడు. "ఇదిగో. రెండేళ్ళయింది. చావును. తగ్గదు."

ముగ్గురూ ఆ చేతిని చూశారు.

"దీనికా ఇంత గొడవ?" అన్నాడు జరీఫ్. "మంచిదే చాచా. ఇకమీదట పాచికలు నువ్వు కుదపక్కర్లేదు. ఊరికే పట్టుకో, అవే గలగలమంటాయి."

ఆ తర్వాత గట్టు తెగిన కాలవే. డెరిక్ భూతద్దం మళ్ళీ తీసి ఇరవై నలుగురినీ ఒక్కొక్కణ్ణే విచారించాడు. ఒకడు పెళ్ళాన్ని చూసి బెదిరినట్టున్నాడన్నాడు. ఇంకొకడు తాగి కాపలా డ్యూటీకి వచ్చాడన్నాడు. గాడిదలే నయం, వాటికి కళ్ళు తిన్నగా ఉన్నాయి, వాటికే తుపాకులు ఇవ్వమన్నాడు. మావిస్ సూదులు ఒళ్ళో పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె అల్లిక ఆపడం అదే మొదటిసారి.

"తీర్పు వినండి," అంది. "మామూలు కంపెనీకి ఇద్దరు సిపాయిలకి ఒక పాచిక. అయిదూ ఆరూ పడితే దెబ్బ తగిలినట్టు. ఈ మెల్లకన్ను కంపెనీకి ఆరు పడితేనే తగిలినట్టు. ఆ కళ్ళతో గురి ఇంతకంటే కుదరదు."

"న్యాయం!" అన్నాడు డెరిక్.

"ఆగు. నీ వాళ్ళు వీళ్ళ మీదకి దూకాలంటే, వీళ్ళు ఎవర్ని చూస్తున్నారో, ఎవర్ని కాల్చబోతున్నారో తెలిసి చావదు. కాబట్టి దూకే ముందు నీ వాళ్ళు వేసే ధైర్యం పాచికలో ఒకటి తగ్గుతుంది."

"ఇదెక్కడి న్యాయం!"

"నా న్యాయం, నాయనా. రాసుకో. నూట ఇరవై ఆరో పేజీ."

నలభై ఏళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క మనిషి కోసం ఒక నిబంధన పుట్టడం నెవిల్ చూడలేదు.

డెరిక్ ఇక ఒక్క క్షణం కాపలా కాయలేదు. కొండ మీది నలభైమందీ ఉరికారు. నెవిల్ పన్నెండు పాచికలు రేకు కప్పులో పోశాడు. కప్పు దానంతటదే మోగింది. కుమ్మరించాడు. మావిస్ మెడ చాపి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఏడు ఆరులు," అంది. గుర్రప్పందేల కొట్టులో ముప్ఫై ఏళ్ళు కూర్చున్న గొంతు కొంచెం బొంగురుపోయింది. "వెయ్యిసార్లు వేస్తే ఒక్కసారి పడేది."

"కళ్ళు మూసుకుని కాల్చినట్టున్నారు!" అని అరిచాడు డెరిక్. "తిన్నగా గురిపెట్టి ఉంటే ఒక్కటీ తగిలేది కాదు!"

ఏడుగురు పడిపోయారు. మిగిలినవాళ్ళు ధైర్యం పాచిక ఓడి వెనక్కి తిరిగారు. జరీఫ్ లేచి కుర్చీ చుట్టూ ఒక చుట్టు నాట్యం చేసి కూర్చున్నాడు. కానీ డెరిక్ కుడి కొండ నుంచి ఇంకో దండుని దింపాడు, ఆ వెనక ఇంకొకటి. ఎక్కడా కనికరం లేదు. ఎనిమిదో వంతుకి కంపెనీలో పదిహేనుమంది. పదో వంతుకి తొమ్మిది. గాడిదలు నాలుగు కొల్లపోయాయి, అయిదు దాటాయి. పదకొండో వంతులో ఇంకో రెండు పోయాయి. పన్నెండో వంతుకి, అంటే ఆఖరి వంతుకి, అయిదుగురు సిపాయిలు మిగిలారు, బల్ల అంచుకి ఆరంగుళాల దూరంలో ఒక్క కంచరగాడిద మిగిలింది. దాని వీపు మీద పటాలం బ్యాండు పెద్ద డోలు. అది నెవిల్ సరదాకి ఎక్కించినది.

అయిదు దాటాయి. ఆరోది ఇది. దాటితే పంతొమ్మిదేళ్ళ శాపం తీరుతుంది. రెండు పాచికల మొత్తం ఎంతైతే గాడిద అన్ని అంగుళాలు నడుస్తుంది.

"ఆరు చాలు చాచా," అన్నాడు జరీఫ్, పిడికిళ్ళు బిగించి. "ఆరంటే ఎంత, మా అమ్మ మోకాళ్ళ నొప్పితో నడిచే దూరం."

డెరిక్ కూడా బల్ల మీదికి వంగాడు. ఆ గాడిద వెనకాల అడుగు దూరంలో అతని కొండవాళ్ళు గుంపుగా ఉన్నారు. నెవిల్ తలెత్తి అతని ముఖం చూశాడు. ఆ ముఖంలో మెత్తదనం అనేది భూతద్దంతో వెతికినా లేదు. పచ్చి ఆశ. ఇంకొకడి గాడిదని లాక్కోవాలనే ఆశ. నెవిల్‌కి కడుపు నిండినట్టయింది.

పాచికలు వేశాడు. ఒకటి మూడు దగ్గర ఆగింది. రెండోది బల్ల మీద దొర్లి, కొండకి తగిలి, వెనక్కి తిరిగి, కాసేపు నాలుగు చూపించి, ఒరిగి, రెండు దగ్గర పడుకుంది.

అయిదు.

గాడిద అంచుకి ఒక్క అంగుళంలో ఆగింది. డెరిక్ గావుకేక పెట్టి తన గుంపుని అడుగు ముందుకి తోశాడు, వంగి ఆ గాడిదని డోలుతో సహా రెండు వేళ్ళతో ఎత్తి గుండెకి హత్తుకున్నాడు.

"నాది! డోలు నాది! ఇవాళ కొండ మీద పెళ్ళే!"

"అంగుళం!" అన్నాడు జరీఫ్ తల పట్టుకుని. "అంగుళం చాచా! ఆ గాడిద ముక్కు కాస్త పొడుగు గీసి ఉంటే సరిపోయేది కదా!"

"ఇరవయ్యో ఏడు," అంది మావిస్, సూదులు మళ్ళీ అందుకుంటూ. "ఎప్పటిలాగే."

నెవిల్ నవ్వుతున్నాడు. గెలుపు చేతి దాకా వచ్చి పోయిన మనిషి అలా నవ్వకూడదు, కానీ అతనికి ఆగడం లేదు. బల్ల చివర అయిదుగురు సిపాయిలు నిలబడే ఉన్నారు, అయిదు దిక్కులు చూస్తూ. ఏ దిక్కున చూసినా వాళ్ళకి ఏదో బాగానే కనిపిస్తున్నట్టుంది.

నాలుగయింది. చచ్చినవాళ్ళందరూ లేచి డబ్బాల్లో పడుకున్నారు. టీ వచ్చింది, జరీఫ్ భార్య పంపిన సమోసాలు వచ్చాయి, అల్లం కేకు విప్పారు. తన ముక్క తీసుకునే ముందు డెరిక్ కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు.

"ఈ నోట ఏమన్నానో ఆవిడకి తెలియాల్సిన అవసరం లేదు," అన్నాడు.

"డోలు వెనక్కిస్తే తెలియదు," అన్నాడు నెవిల్.

"ప్రాణం పోయినా ఇవ్వను."

మావిస్ దొర టోపీ తెచ్చింది. కాగితం ముక్కలు పంచింది. "వచ్చే ఏడు కనుమతో పాటు సూడాను ఎడారి ఆట కూడా. నలభై ఒంటెలున్నాయి, సీసం ముద్దలు, చుక్క రంగు లేదు. ఎవరికొస్తుందో వాళ్ళ ఖర్మ."

టోపీ జరీఫ్ దగ్గర్నించి డెరిక్ దగ్గరికి, అక్కణ్ణించి నెవిల్ దగ్గరికి వచ్చింది. అతని ముందు కాగితం ముక్క తెల్లగా ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకోవాలనే కదా పొద్దున బయల్దేరింది. ఎవరూ అతని వైపు చూడలేదు. డెరిక్ కేకు పొడి వేలితో అద్దుకుంటున్నాడు, జరీఫ్ గాడిద ముక్కు గురించి మావిస్‌కి ఫిర్యాదు చేస్తున్నాడు. నెవిల్ పెన్సిలు తీశాడు. ఒకప్పుడు బస్సు పొడవునా బంగారంతో రాసిన చేత్తో, ఆ చిన్న ముక్క మీద తన పేరు రాశాడు. మడిచి టోపీలో వేశాడు.

మావిస్ కళ్ళు మూసుకుని చీటీ తీసింది. విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుంది. తలకిందులుగా పట్టుకుంది.

"ఇది పేరా," అంది, "కాలికి సిరా అంటుకున్న సాలీడు పరుగెత్తిందా?"

డెరిక్ భూతద్దం పెట్టి చూశాడు. "ఏ భాషో తెలీదు. ఒక్క అక్షరం అర్థం కాలేదు."

"అయితే నెవిలే," అంది మావిస్, పుస్తకంలో రాసుకుంటూ. "నలభై ఒంటెలు."

"సరిగ్గా కుదిరింది," అన్నాడు డెరిక్. "ఒంటెకి ఎలా గీసినా ఆ చూపే ఉంటుంది. అయితే విను, కళ్ళేల రంగు మాత్రం నన్నడగకుండా ముట్టుకోకు. పన్నెండో ఏడు కూడా నాతో తిట్టించుకుంటావు."

"అడగను," అన్నాడు నెవిల్.

అయిదింటికి ఐరీన్ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ చూసింది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, చెంపలు తడిగా ఉన్నాయి. డెరిక్ తన కేకు ముక్కని వీపు వెనక దాచుకున్నాడు.

కారులో నెవిల్ ఒళ్ళో ఇప్పుడు రెండు డబ్బాలు. రెండోదాంట్లో నలభై ఒంటెలు బరువుగా గలగలమంటున్నాయి. అతను మూత అదిమి పట్టుకోలేదు, మోగనిచ్చాడు.

ఐరీన్ తాళం తిప్పబోయి ఆగింది. "ఏమైనా అన్నారా?" అంది నెమ్మదిగా. "నిజం చెప్పు."

"అన్నారు."

"ఏమన్నారు?"

నెవిల్ ఊపిరి నిండా తీసుకున్నాడు. "ఎక్కడ మొదలుపెట్టను?" అన్నాడు. "ముందు ఆ మూడోవాడి సంగతి చెప్తా విను. ఒక కన్నుతో గాడిదని..."

ఇంకా ఆ మాట పూర్తి కాకుండానే అతనికి నవ్వొచ్చేసింది. ఐరీన్ తాళం మీంచి చెయ్యి తీసేసి, సీటు వెనక్కి వాలి కూర్చుంది.